సంపు నిండితే సున్నా

2024 వేసవి. బెంగళూరులో బోర్లు ఒకటొకటిగా చేతులెత్తేస్తున్న రోజులు. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తే పెళ్ళివారి బస్సు వచ్చినట్టు జనం బాల్కనీల్లోకి వచ్చి చూసేవారు. మా ఆఫీసు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, నిలబడి తినే ఒక దర్శిని హోటలు పైన, మూడు గదుల్లో. కింద వాళ్ళు దోసెలు వేస్తే పైన మేం వర్షన్లు వేస్తాం. వాళ్ళవే త్వరగా అవుతాయి.

నేనక్కడ రిలీజ్ మేనేజర్‌ని. అంటే ఏం పని అని మా అత్తగారు పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతున్నారు. నేను సినిమాలు రిలీజ్ చేస్తానని మా వీధిలో ఒకరిద్దరి నమ్మకం. పండక్కి టికెట్లు దొరుకుతాయా అని కూడా అడిగారు. అందుకే ముందు నా పనేమిటో చెప్పాలి.

ఏ కంపెనీ ప్లగ్గయినా ఏ కంపెనీ సాకెట్‌లోనైనా పట్టాలంటే రంధ్రాలు ఎంతెంత దూరంలో ఉండాలో అందరూ ముందే ఒప్పుకోవాలి. ఆ ఒప్పందాన్ని రాసిపెట్టి, ఎవరైనా ఉచితంగా చదువుకోండి, వాడుకోండి, తప్పుంటే వచ్చి అడగండి అంటే అది ఓపెన్ స్టాండర్డ్. మాది నీళ్ళ స్టాండర్డ్. అపార్టుమెంటు కింద నీళ్ళు నిలవచేసే సంపు ఉంటుంది కదా, దాని మూతకు ఒక సెన్సర్ బిగిస్తారు. అది ఎప్పటికప్పుడు సంపు సంగతి ట్యాంకర్ల యాప్‌కు చెబుతుంది. సంపు అడుగంటితే ఎవరూ ఫోన్ చేయకుండానే ట్యాంకరు బయలుదేరుతుంది. ఏ కంపెనీ సెన్సర్ అయినా ఏ యాప్‌తోనైనా మాట్లాడుకునేలా వాటి మధ్య భాష ఏమిటన్నది మేం రాస్తాం.

ఆ రాతకు వర్షన్ నంబర్లుంటాయి. అప్పుడు నడుస్తున్నది 1.2.0. చివరి అంకె పెరిగిందంటే అక్షరదోషాలు దిద్దామని అర్థం. మధ్య అంకె పెరిగితే కొత్తది ఏదో చేర్చాం గాని పాతదాని జోలికి పోలేదని అర్థం. మొదటి అంకె పెరిగిందంటే మాత్రం పాత యంత్రాలు పనిచేయకపోవచ్చు, సిద్ధంగా ఉండండి అని. ఏ మార్పు ఏ అంకె కిందికి వస్తుందో చూసుకోవడమే నా ఉద్యోగం. వీటన్నిటికీ పైన ఒక నియమం ఉంది. ఒకసారి రిలీజైన వర్షన్‌ను ముట్టుకోకూడదు. అందులో ఏం మార్చాలన్నా కొత్త అంకెతో కొత్త వర్షన్ రావలసిందే. ఎందుకంటే దాన్ని నమ్మి ఎవరో ఒక యంత్రం చేసి, ఎక్కడో గోడకు బిగించి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతుంటారు.

అలా ఉండగా ఒక ఉదయం రుక్మిణమ్మ గారు మా మెట్లెక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి. అనంతపురం వైపు వాళ్ళు, బ్యాంకు మేనేజరుగా రిటైరై, మాకు మూడు వీధుల అవతల ఒక అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. నేను కుర్చీ చూపించేలోపే కూర్చుని, నీళ్ళ స్టాండర్డు మీదేనా అని అడిగారు. మాదేనన్నాను.

"అయితే ముందు తాగను నీళ్ళియ్యి. మా ఇంట్లో లేవు" అన్నారు.

గ్లాసు ఖాళీ చేశాక అసలు సంగతి చెప్పారు. ఆ నెలలోనే వాళ్ళ సంపు సెన్సర్‌ను ట్యాంకర్ల యాప్‌కు కలిపారట. సోమవారం చాలా రోజుల తర్వాత కుళాయిలో కావేరి నీళ్ళు ధారాళంగా వచ్చాయి. సంపు అంచుల దాకా నిండింది. అది నిండిన కాసేపటికి ట్యాంకరు వచ్చింది. కార్యదర్శి గారే చెప్పి ఉంటారనుకుని వాచ్‌మన్ మూత తీశాడు, డ్రైవరు గొట్టం పెట్టాడు. నిండిన సంపులో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? బేస్‌మెంటులోకి పోయాయి. స్కూటర్లు చక్రాల దాకా మునిగాయి. ట్యాంకరు అటు వెళ్ళగానే యాప్ మళ్ళీ సంపు వైపు చూసింది, ఇంకా ఖాళీగానే ఉందనుకుంది, రెండో ట్యాంకరును పంపింది. రెండో డ్రైవరు బేస్‌మెంటు చూసి, ఇంకా కావాలా అని అడిగాడట. యాపే పంపింది కదా సార్ అన్నాడట వాచ్‌మన్.

అదే వారం చివర్లో సంపు నిజంగానే ఎండింది. ఆ రోజు ఆవిడ మనవరాలి నామకరణం. ఇంటినిండా చుట్టాలు, బకెట్లో చుక్క లేదు, ట్యాంకరు జాడ లేదు. యాప్ వాళ్ళకు ఫోన్ చేస్తే ఒక తీయని గొంతు, మీ సంపు తొంభై ఆరు శాతం నిండి ఉంది మేడం, చింతించకండి అని చెప్పి పెట్టేసిందట.

"నీళ్ళుంటే తెస్తారు, లేకుంటే తేరు. బ్యాంకులో మేమూ లోన్లు ఇట్లే ఇస్తా ఉంటిమి, కాబట్టి నాకేం కొత్తగాదు. కానీ బ్యాంకులో పసిబిడ్డకు నీళ్ళు పోసే పని లేదు గదా."

సెన్సర్ చేసినాయన్ని అడిగితే అంతా స్టాండర్డ్ ప్రకారమే ఉందన్నారట. యాప్ కంపెనీ అమ్మాయిని అడిగితే ఆమె కూడా అదే మాట. "ఇద్దరూ మీ పేరే చెప్పినారు. ఇద్దరూ మంచివాళ్ళ మాదిరే ఉండారు. కాబట్టి దొంగ మీరే అయ్యుండాల" అన్నారు రుక్మిణమ్మ గారు, చాలా శాంతంగా.

ఆవిడ ఎదురుగానే స్టాండర్డ్ తెరిచాను. ఆ భాగం నేను చేరకముందే రాసినది. సెన్సర్ పంపవలసిన సంగతుల్లో మొదటిది లెవెల్. దానికిచ్చిన వివరణ ఒకటే వాక్యం: తొట్టి మొత్తం లోతులో నీటి మట్టం ఎంత శాతమో, సున్నా నుంచి నూరు దాకా. ఎన్నోసార్లు చదివిన వాక్యమే. ఇందులో తప్పేముంది అనుకున్నాను. నిండితే నూరు, ఎండితే సున్నా. ఎవరికైనా అలాగే కదా అర్థమవుతుంది?

ఊరి శివార్లలోని అత్తిబెలెకు ఫోన్ చేశాను. సెన్సర్ చేసేది అక్కడే, కోదండ శెట్టి గారి షెడ్డులో. ఆయనది తాతల కాలం నుంచి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. తండ్రి మోటరు స్టార్టర్లు చేసేవారట, ఈయన కాలం మారిందని సెన్సర్లలోకి దిగారు. నేను ఆ వాక్యం చదివి, సంపు నిండితే మీ సెన్సర్ ఎంత చూపిస్తుందండీ అని అడిగాను.

"సున్నా" అన్నారు. ఆ మాట అన్న తీరులో, ఇది కూడా తెలీకుండా ఉద్యోగమెట్లా చేస్తాండావమ్మా అన్న ప్రశ్న వినిపించింది.

మర్నాటికే సమావేశం పెట్టాను. శెట్టి గారు తెల్లచొక్కా వేసుకుని, చేతిలో నిప్పట్ల డబ్బాతో వచ్చారు. మనం చెక్కలంటామే, వాటినే ఇక్కడ నిప్పట్లంటారు. ఎవరితో పోట్లాడవలసి వచ్చినా ముందు వాళ్ళకు నిప్పట్లు పెట్టడం ఆయన అలవాటు. యాప్ తరఫున హారిక వచ్చింది. గుంటూరు అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి, ఈ వీధి చివరే ఆమె స్టార్టప్. యాపూ చేస్తుంది, తన సొంత సెన్సర్లూ చేస్తుంది. ల్యాప్‌టాప్ మూయకుండానే నిప్పట్టు తీసుకుంది. రుక్మిణమ్మ గారు కూడా వచ్చారు. ఓపెన్ అన్నారు కదా, నేను రావచ్చు కదా అన్నారు. రావచ్చు. మా నియమాల్లోనే ఉంది. కానీ అప్పటిదాకా బయటివాళ్ళెవరూ వచ్చిన పాపాన పోలేదు.

హారిక మొదలుపెట్టింది. "అంకుల్, లెవెల్ అంటే లెవెలే కదా. ఫుల్ అయితే హండ్రెడ్, ఎంప్టీ అయితే జీరో. ఇందులో కన్‌ఫ్యూజన్ ఏముంది?"

అంకుల్ అన్న మాట దగ్గర శెట్టి గారి మొహం కాస్త ముడుచుకుంది గాని, జవాబు మాత్రం నెమ్మదిగానే ఇచ్చారు.

"బోరుబావికి లెవెలు ఎంతమ్మా అని అడిగితే ఏం చెప్తారు? ఆరొందల అడుగులంటారు. అంటే ఆరొందల అడుగులు నీళ్ళుండాయనా? ఆరొందల అడుగులు కిందికి పోయినాయని గదా. లెవెలు పెరిగితే నీళ్ళు తగ్గినట్ల. మా నాయన కాలం నుంచి మాకు లెవెలంటే అదే. నా సెన్సరు మూతకు తగిలించుకొని కిందికి చూస్తా ఉంటాది. నీళ్ళు ఎంత దిగినాయో కొలుస్తాది. నిండితే ఇంకేం దిగుతాయి? సున్నా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను మళ్ళీ ఆ వాక్యం చదివాను. తొట్టి లోతులో నీటి మట్టం. ఆయన చెప్పినట్టూ చదవవచ్చు.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదంటే, శెట్టి గారి సెన్సర్‌కు గోడమీద ఆయనదే ఒక పెట్టె ఉండేది. అందులో ఎర్రదీపం, పచ్చదీపం. లోపలి అంకె ఎవరికీ కనిపించేది కాదు. ఈ వేసవిలోనే మొదటిసారి ఆ అంకెలు హారిక యాప్‌కు చేరాయి. ఆమె యాప్‌కు సున్నా అంటే ఎండిన సంపు. శెట్టి గారి సెన్సర్‌కు సున్నా అంటే నిండిన సంపు. రెండూ స్టాండర్డ్‌ను తు.చ. తప్పకుండా పాటిస్తూ రుక్మిణమ్మ గారి స్కూటర్‌ను ముంచాయి.

శెట్టి గారి సెన్సర్లను యాప్‌లో గుర్తుపట్టి, వాటి అంకెను తిరగేసి చదువుకోలేవా అని హారికను అడిగాను. కుదరదంది. ఆయన డీలర్లు ఎవరి స్టిక్కరు వాళ్ళు అంటించుకుని అమ్ముతారు. ఒకటి గణేశ్ సెన్సర్, ఒకటి ఆక్వా కింగ్, ఒకటి డీలరు గారి కూతురి పేరు. ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? ఆ పూటే ఆమె తన యాప్‌లో వేరే కంపెనీల సెన్సర్లన్నిటికీ ఆటోమేటిక్ బుకింగే ఆపేసింది. జనం మళ్ళీ ఫోన్లు పట్టుకున్నారు. ఎండలు ముదురుతున్నాయి. ట్యాంకరు వాళ్ళ ఫోన్లు ఎప్పుడు చేసినా ఎంగేజ్.

ఆ సమావేశంలోనే అసలు తగువు మొదలైంది. వాక్యానికి వివరణ చేర్చి 1.2.1 రిలీజ్ చేసేయండి, చిన్న కరెక్షనే కదా అంది హారిక. అది చిన్న కరెక్షన్ కాదు. నేనలా చేస్తే, శెట్టి గారు వేలు కూడా కదపకుండానే ఆయన అమ్మిన సెన్సర్లన్నీ రాత్రికి రాత్రే తప్పుడు సెన్సర్లవుతాయి. వివరణ తన వైపు రాయమన్నారు శెట్టి గారు. అలా రాస్తే హారికవి తప్పుడువవుతాయి. అలా అయితే మేం స్టాండర్డ్‌ను ఫోర్క్ చేసుకుంటామంది హారిక.

శెట్టి గారు నా వైపు వంగి, ఫోర్కంటే ఏమ్మా అని మెల్లగా అడిగారు. వేరు కాపురం అండీ అన్నాను. ఈ స్టాండర్డ్‌ను కాపీ చేసుకుని, తమకు నచ్చినట్టు మార్చుకుని, తమ దారిన తాము పోవడం. ఓపెన్ కాబట్టి ఆ హక్కు ఎవరికైనా ఉంది.

"అట్లయితే నేనూ పెడతా వేరు కాపురం. అత్తిబెలెలో జాగా ఉండాది" అన్నారాయన.

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. రెండు స్టాండర్డ్‌లంటే అసలు స్టాండర్డ్ లేనట్టే. ప్రతి అపార్టుమెంటూ, ప్రతి ట్యాంకరూ, మీరు ఎవరి వైపు అని అడగవలసి వస్తుంది. ఎన్నో ఏళ్ళ పని ఒక్క మాట దగ్గర విరిగిపోయేలా ఉంది.

వాళ్ళిద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. లెవెల్ ఇలా వెళ్తుంది అంటూ హారిక చెయ్యి బల్లమీంచి పైకి లేస్తోంది. లెవెలు ఇట్ల పోతాది అంటూ శెట్టి గారి చెయ్యి గడ్డం దగ్గర నుంచి కిందికి దిగుతోంది. రెండు చేతులూ గాలిలో ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. రుక్మిణమ్మ గారు నిప్పట్టు నములుతూ టెన్నిస్ చూసినట్టు చూస్తున్నారు. ఆ చేతులు చూస్తుంటే నాకు ఒకటి తట్టింది. ఈ మాటను బాగుచేయడం ఎవరి తరమూ కాదు. అది ఇద్దరి వంట్లోకీ ఇంకిపోయింది. కాబట్టి లెవెల్‌కు అర్థమేమిటో తేల్చే పని మానేద్దామన్నాను.

ఇద్దరూ చేతులు దించారు.

నేను చెప్పింది ఇది. లెవెల్ అన్న మాటను తీసేయం, మార్చం, ఉన్నది ఉన్నట్టే ఉంచుతాం. కానీ దాన్ని డెప్రికేట్ చేస్తాం. అంటే, ఇకమీదట కొత్తగా దీన్ని వాడకండి అని పక్కన రాస్తాం. దాని స్థానంలో రెండు రకాలుగా చదవడానికి వీల్లేని కొత్త మాట చేరుస్తాం. పాతదాని జోలికి పోవడం లేదు కాబట్టి మధ్య అంకె పెరిగి 1.3.0 అవుతుంది. యాప్ ఇకమీదట కొత్త మాటనే చదువుతుంది.

డెప్రికేట్ అంటే ఇంకా కాస్త విడమరచి చెప్పమన్నారు శెట్టి గారు. "ఇంట్లో పెద్దాయన ఉంటారనుకోండి. ఆయన కుర్చీ ఆయనకుంటుంది, భోజనం వేళకు పిలుస్తాం, గౌరవం ఎక్కడికీ పోదు. కరెంటు బిల్లు కట్టే పని మాత్రం ఆయనకు చెప్పం" అన్నాను.

"నన్నేమన్నా అంటాండావా తల్లీ?" అన్నారు శెట్టి గారు.

లేదని చెప్పి నమ్మించడానికి రెండు నిప్పట్లు తినవలసి వచ్చింది.

దీనివల్ల ఇద్దరికీ పని పడుతుంది. శెట్టి గారి మనుషులు ప్రతి బిల్డింగుకూ వెళ్ళి సెన్సర్‌లో కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి. హారిక కూడా తన సెన్సర్లన్నిటికీ అదే చేయాలి, పైగా యాప్ మార్చుకోవాలి. ఎవరికి ఎక్కువ కష్టమని ఇద్దరూ చాలాసేపు లెక్కలు వేసుకున్నారు. సరిసమానమని తేలాక ఇద్దరి మొహాల్లోనూ కాస్త తృప్తి కనిపించింది. నా వృత్తిలో న్యాయమంటే చాలాసార్లు అదే. ఇద్దరికీ సంతోషం కలిగించడం కుదరదు గాని, ఇద్దరినీ సమానంగా విసిగించడం కుదురుతుంది.

కొత్త మాట ఏమిటన్న దగ్గర మళ్ళీ గంట పట్టింది. హారిక చెప్పిన పేర్లు పొడుగ్గా ఉన్నాయి. ఊరికే నీళ్ళు అని పెట్టండి, అందరికీ తెలుస్తాది అన్నారు శెట్టి గారు. చివరికి రుక్మిణమ్మ గారినే అడిగాం. మీరు వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే ఏమని అడుగుతారండీ అని. "సంపు ఎంత నిండిందప్పా అని అడుగుతా" అన్నారు. ఆ నిండిందికి సరిపోయే ఇంగ్లీషు మాట ఫిల్డ్. అదే ఖాయం చేశాం.

అయితే రాసినంత మాత్రాన రిలీజ్ చేయడానికి లేదు. ముందు ఇంటరాప్ టెస్ట్ జరగాలి. అంటే, రెండు వేరు వేరు కంపెనీలు ఆ రాతను చదివి, ఒకరినొకరు అడక్కుండా యంత్రాలు చేసుకు రావాలి. రెండింటినీ ఒకేచోట పెడితే ఒకే జవాబు రావాలి. అలా వస్తేనే రాత సరిగ్గా ఉన్నట్టు. పరీక్షకు మా సంపు ఇస్తానన్నారు రుక్మిణమ్మ గారు. ఇప్పటికే అన్నీ చూసింది, దానికి ఇంక సిగ్గు లేదన్నారు.

రెండు వారాల తర్వాత, ఒక శనివారం ఉదయం, వాళ్ళ బేస్‌మెంటులో సంపు మూత చుట్టూ చేరాం. సంఘం వాళ్ళు కొందరు కుర్చీలు కూడా వేసుకున్నారు. ఒక మూల శెట్టి గారి సెన్సర్, ఇంకో మూల హారిక సెన్సర్. రెండింటి అంకెలూ నా ఫోన్‌లో కనిపిస్తాయి. హారిక సెన్సర్ యాభై రెండు అంది. శెట్టి గారి సెన్సర్ నలభై అంది.

నేను ఫోన్ ఆపి మళ్ళీ తెరిచి చూశాను, అవే అంకెలు. వాళ్ళిద్దరి మొహాలు మాత్రం వెలిగాయి. ఎదుటివాళ్ళది తప్పని ఇన్నాళ్ళకు రుజువైందని ఎవరికి వాళ్ళకు నమ్మకం.

కర్ర దింపి కొలిచారు. టార్చి వేసి చూశారు. నీళ్ళు రెండు సెన్సర్లకూ ఒకే దూరంలో కనిపిస్తున్నాయి. మరి తేడా ఎక్కడ? హారిక తన లెక్క గట్టిగా చెప్పింది. అడుగున నేల నుంచి నీళ్ళ దాకా ఎంతో కొలిచి, మొత్తం ఎత్తుతో భాగించాను అంది. శెట్టి గారు మధ్యలోనే ఆపారు.

"నేల నుంచి ఎందుకమ్మా? ఫుట్‌వాల్వు యాడుండాదో చూడు."

మోటరు గొట్టం చివర, సంపు అడుగుకు కొంచెం పైన, జాలీ ఉన్న మూత ఒకటి ఉంటుంది. అదే ఫుట్‌వాల్వ్. దానికంటే కింద ఉన్న నీళ్ళను మోటరు లాగలేదు. శెట్టి గారు ఆ వాల్వు నుంచి పైకే లెక్కపెట్టారు. హారిక నేల నుంచి లెక్కపెట్టింది. నిండడం అంటే ఏమిటో మేం జాగ్రత్తగా రాశాం. ఖాళీ అంటే ఏమిటో రాయలేదు.

మళ్ళీ ఇద్దరిదీ ఒప్పే. నేను బేస్‌మెంటు మెట్లమీద కూర్చుండిపోయాను.

కింద నీళ్ళున్నా సరే, అవి నీళ్ళే కదా అంది హారిక. ఈ పాయింటు 1.4లో చూసుకుందాం మేడం, ఇప్పటికి రిలీజ్ చేసేద్దాం, సీజన్ అయిపోతోంది అంది. ఆమె తొందర నాకు అర్థమైంది. రోజుకు ఎన్ని ఫోన్లలో తిట్లు తింటోందో నాకు తెలుసు. కానీ రెండు అర్థాలున్న మాటను మార్చడానికి వచ్చి, రెండు అర్థాలున్న ఇంకో మాటను వదిలి వెళ్ళడం నావల్ల కాదన్నాను.

రుక్మిణమ్మ గారు కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. "చూడు పాపా, మోటరు ఎత్తలేని నీళ్ళు నాకు నీళ్ళు గాదు. మా బ్యాంకులో వసూలుకాని బాకీ మాదిరి. పేరుకుంటాది, చేతికి రాదు. దాన్ని కలిపి చెప్పి నన్ను మురిపియ్యొద్దు."

హారిక ల్యాప్‌టాప్ తీసుకుని ఆ తడినేల మీదే బాసింపట్టు వేసుకు కూర్చుంది. తను లెక్క మారుస్తుంటే, ఫుట్‌వాల్వ్ ఎత్తు ఎంత పెట్టుకోవాలో శెట్టి గారు పక్కన నిలబడి చెప్పారు. మధ్యలో నిప్పట్ల డబ్బా తెరిచి కీబోర్డుకు తగలకుండా దూరంగా పట్టుకున్నారు. నేను అక్కడే మెట్లమీద రాత సరిచేశాను. ఫిల్డ్ అంటే, తొట్టి పూర్తిగా నిండినప్పుడు మోటరు తోడగలిగే నీళ్ళలో ప్రస్తుతం ఎంత శాతం ఉందో. సున్నా అంటే మోటరుకు నీళ్ళు అందవు. నూరు అంటే ఇంకొక చుక్క పట్టదు.

మళ్ళీ చూశాం. శెట్టి గారిది నలభై. హారికది నలభై ఒకటి.

అందరూ నా వైపు చూశారు. అంకె మధ్యలో పడితే హారిక ప్రోగ్రాం పైకి సవరిస్తుంది, శెట్టి గారిది చిల్లర వదిలేస్తుంది. అంతే తేడా.

"ఆ ఒక్కటీ నువ్వే ఉంచుకోమ్మా, నా కానుక" అన్నారు శెట్టి గారు.

హారిక నవ్వేసింది. కానీ నేను నవ్వి వదిలేయలేదు. రెండు శాతం దాకా తేడా సమ్మతమే అని ఒక వాక్యం అప్పటికప్పుడే చేర్చాను. అప్పటికి నాకు బాగా బుద్ధి వచ్చింది.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం 1.3.0 రిలీజైంది. రిలీజ్ అంటే ఏదో జరుగుతుందని అనుకుంటారు. ఏమీ జరగదు. నేను ఒక మీట నొక్కుతాను, వెబ్‌సైట్‌లో ఒక అంకె మారుతుంది, కిందికెళ్ళి కాఫీ తాగుతాను. శెట్టి గారు ఫోన్ చేసి, అయిపాయెనా అమ్మా, ఏం శబ్దం రాలేదే అన్నారు. అయిపోయిందండీ అన్నాను. ఆ నెలంతా ఆయన మనుషులు స్కూటర్ల మీద ఊరంతా తిరిగి సెన్సర్లలో ప్రోగ్రాం మార్చారు. హారిక తన వాళ్ళను కూడా వాళ్ళతో పంపింది. ఒకే వీధిలో ఇద్దరి సెన్సర్లూ ఉంటే ఎవరు ముందు వెళ్తే వాళ్ళే రెండూ మార్చి వచ్చేవారు. ఇది నేను రాసిన ఏ నియమంలోనూ లేదు.

కొన్నాళ్ళకు రుక్మిణమ్మ గారు ఫోన్ చేశారు. హలో కూడా అనలేదు. "ఇప్పుడు ట్యాంకరు వచ్చింది. పోయి చూస్తే సంపు నిజంగానే ఖాళీగా ఉండాది" అని చెప్పి పెట్టేశారు. నా ఉద్యోగంలో ఇంతకు మించిన మెచ్చుకోలు నేనింకా వినలేదు.

అంతకుముందు నా పని ఎవరిది ఒప్పో తేల్చడమని అనుకునేదాన్ని. ఈ వ్యవహారంలో తప్పు చేసినవాళ్ళే లేరు. పొరపాటు చేసినవాళ్ళు వెనక్కి తగ్గుతారు. తమది ఒప్పేనని తెలిసినవాళ్ళు ఎందుకు తగ్గుతారు? వాళ్ళ పాత మాటను వాళ్ళచేత మింగించకుండా, ఇద్దరికీ ఒక కొత్త మాట చేతికివ్వడమే నా పని అని ఆ వేసవిలో తెలిసింది. అందరికీ తెలిసిన మాటేలే అని వివరించకుండా వదిలేసిన మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని కూడా తెలిసింది.

లెవెల్ ఇప్పటికీ మా స్టాండర్డ్‌లో ఉంది. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చూసి, ఇంతకీ దీని అర్థమేమిటి మేడం అని అడుగుతారు. రెండు అర్థాలున్నాయి, రెండూ సరైనవే, అందుకే వాడొద్దు అని చెబుతాను.